చేతి ప్రెస్‌తో బర్గర్ ప్యాటీ: మూతకు అంటుకుంటోంది, పెనం మీద ముడుచుకుపోతోంది, ఎవరైనా చెప్పండి

రాయగడ_వంటిల్లు

నమస్తే అందరికీ. మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆటల్లో రెండూ కలిపి మాట్లాడే పిల్లలిద్దరు, ఇద్దరికీ ఈ మధ్య బర్గర్ల పిచ్చి పట్టుకుంది. బయట కొనిపెడదామంటే అది ఎన్నాళ్ల కీమానో, ఎన్నిసార్లు కాగిన నూనో తెలియక నాకు మనసొప్పదు. అందుకే బన్ను మధ్యలో పెట్టే కీమా బిళ్లల్ని, అంటే ప్యాటీలని, చేత్తో నొక్కి చేసే బర్గర్ ప్రెస్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అల్యూమినియంది, లోపల నల్లటి నాన్‌స్టిక్ పూత, కింద పళ్లెం అడ్డంగా 11 సెంటీమీటర్లు, పైన పిడి ఉన్న మూత, మూత అడుగున గీతలు గీతలుగా గాడులున్నాయి.

మూడు ఆదివారాల నుంచి చేస్తున్నాను, మూడుసార్లూ ఒకటే గొడవ. నొక్కి మూత ఎత్తగానే సగం కీమా మూతకే అంటుకుని వస్తుంది, చాకుతో మెల్లగా ఊడదీస్తే అంచులు నెర్రెలు విచ్చిన మడిలా చీలిపోతాయి, ఎలాగోలా పెనం మీద వేస్తే మూడు నిమిషాలు తిరక్కుండానే ముడుచుకుని మధ్యలో బోండాలా ఉబ్బిపోతుంది. పైన మాడుతోంది, కొరికితే లోపల పచ్చి. మొన్న చిన్నదాని చేతిలోంచి లాక్కుని మళ్లీ పెనం మీద పెట్టాల్సి వచ్చింది, ఆ భయం ఇంకా పోలేదు.

నేను చేసేది ఇదీ: అరకిలో చికెన్ కీమా, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, గరం మసాలా, ఉప్పు, ఒక గుడ్డు. అన్నీ వేసి చపాతీ పిండిలా బాగా పిసికి అరగంట పక్కన పెడతాను. తర్వాత ప్రెస్‌లో వేసి బలం కొద్దీ నొక్కుతాను, గట్టిగా నొక్కితేనే విడిపోకుండా ఉంటుంది కదా అని.

వచ్చే ఆదివారం మా పెద్దవాడి పుట్టినరోజు. వాడి క్లాసు పిల్లలు, వీధిలో వాళ్లు కలిపి 30 బర్గర్లు చేయాలి. నిజంగా టెన్షన్‌గా ఉంది. ఈ ప్రెస్ పనికిరానిదా, నేను వాడే తీరులో తేడా ఉందా?

బరంపురం_సాయంత్రం_బండి

అక్కా, ప్రెస్ మంచిదే. నేను బరంపురంలో ఆరేళ్లు సాయంత్రం పూట బండి పెట్టాను, ఇలాంటి ప్రెస్‌లు రెండు అరగదీశాను, కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీరు దాన్ని చెరుకు రసం మిషన్‌లా వాడుతున్నారు, మొదట అది మానాలి. ప్రెస్ ఉన్నది కీమాను బిగించడానికి కాదు, అన్ని ప్యాటీలూ ఒకే మందం, ఒకే వెడల్పు రావడానికి. అలా వస్తే అన్నీ ఒకే టైముకి ఉడుకుతాయి. బలంగా నొక్కితే కీమాలో ఉన్న సందులన్నీ మూసుకుపోయి, వేగాక రబ్బరు చెప్పు కొరికినట్టు ఉంటుంది. మూత దించి, అరచేతితో ఒక్కసారి నొక్కి, అంచు దాకా కీమా పాకిందనిపించగానే ఆపేయండి. అంతే.

రెండోది తూకం. వంటింటి త్రాసు లేకపోతే ఒకటి కొనండి, ప్రెస్ కన్నా అదే ముఖ్యం అంటాను నేను. 11 సెంటీమీటర్ల పళ్లెంలో 100 గ్రాములు వేస్తే దాదాపు సెంటీమీటరు మందం వస్తుంది, 80 గ్రాములైతే 8 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు వంటల్లో కనిపించే 113 గ్రాముల లెక్క పావు పౌండుది, వాళ్ల పెద్ద బన్నులకి సరిపోతుంది. మన బేకరీ బన్నుకి, అందులోనూ పిల్లలకి, 80 చాలు. ముందే అన్నీ 80 గ్రాముల ఉండలు చుట్టి వరసగా పళ్లెంలో పెట్టేసుకోండి. ఒక్కొక్కటీ చేతి అంచనాతో వేస్తే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది, మీకు జరిగింది అదే.

మూతకి అంటుకోవడానికి విరుగుడు కాగితం. పళ్లెంలో ఒక బటర్ పేపర్ బిళ్ల, దాని మీద ఉండ, ఆ పైన ఇంకో బిళ్ల, అప్పుడు మూత. నొక్కాక మూతని తిన్నగా పైకి లాగకండి, లోపల గాలి లేక పట్టేసి ఉంటుంది. పావు వంతు పక్కకి తిప్పి అప్పుడు ఎత్తండి, సీసా మూత తిప్పినట్టు. కాగితం ఉంటే గాడుల గీతలు కొంచెం తేలికగా పడతాయి, పడనివ్వండి, రుచికేమీ లోటు రాదు. పాత పేపర్లు మాత్రం వాడొద్దు, ఆ సిరా తిండికి అంటుతుందనే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ వద్దంటోంది.

ఇక ముడుచుకోవడం. వేడి తగలగానే మాంసం బిగుసుకుంటుంది, అంచులు ముందు ఉడుకుతాయి కాబట్టి అవి బిగిసి మధ్యలోదాన్ని పైకి నెడతాయి. అందుకే పెనం మీద వేసే ముందు మధ్యలో బొటనవేలితో చిన్న గుంట నొక్కాలి, అంగుళం వెడల్పు, లోతు తక్కువ. ఉడికేసరికి ఆ గుంట నిండి ప్యాటీ సమంగా వస్తుంది. వెడల్పు ఎలాగూ తగ్గుతుంది, నా బండి మీద 11 వేస్తే వేగాక తొమ్మిదిన్నరకి దిగేది. అందుకే ప్యాటీ ఎప్పుడూ బన్ను కంటే వేలెడు పెద్దదిగా ఉండాలి. పెనం మీద ఉన్నప్పుడు అట్లకాడతో అదమకండి, ఆ చుయ్‌మన్న చప్పుడు బాగుంటుంది కానీ కారిపోయేది లోపలి రసమే.

ఉప్పు మాత్రం కీమాలో కలపొద్దు. పెనం మీద వేసే ముందు పైన చల్లండి.

జయపురం_కీమా_కొట్టు

పై అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఉప్పు మాట తప్ప. మాది జయపురంలో మాంసం కొట్టు, నాన్నగారి కాలం నుంచి. ఉప్పు పైన చల్లాలన్నది గొడ్డు మాంసం బర్గర్‌కి పుట్టిన పద్ధతి. ఆ వంటల్లో కీమాలో 20 శాతం కొవ్వు ఉంటుంది, మసాలా ఏదీ కలపరు, పొడిపొడిగా విడిపోయేలా ఉండాలని కోరుకుంటారు. ఉప్పు ముందే కలిపితే మాంసంలో ఒక ప్రోటీన్ కరిగి జిగురు వస్తుంది, వాళ్లకి అది సాసేజ్‌లా అనిపిస్తుంది కాబట్టి వద్దంటారు. మటన్‌కీ ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. మనం చేసేది చికెన్, అదీ ఉల్లి, కొత్తిమీర వేసి. ఆ జిగురు కొంచెం లేకపోతే తిరగేసేటప్పుడే విరిగిపోతుంది. కాబట్టి ఉప్పు కలపండి, కానీ అన్నిటికన్నా చివర కలపండి, కలిపాక నిమిషం కంటే ఎక్కువ పిసక్కండి, వెంటనే ఉండలు చుట్టేయండి. మీరు చపాతీ పిండిలా పిసికి, పైగా అరగంట నానబెట్టారు, జిగురు ఎక్కువై మూతకి పట్టుకోవడానికి అది పెద్ద కారణం.

అసలు సంగతి నీళ్లు తల్లీ. కొట్టులో కోడిని కడిగి ఆ తడితోనే మిషన్‌లో వేసేస్తారు, చాలాచోట్ల అంతే. కీమా సంచిలో అడుగున గులాబీ రంగు నీళ్లు కనిపిస్తే అది అదే. ఇంటికి తెచ్చాక జల్లెడలో వేసి పది నిమిషాలు ఫ్రిజ్‌లో వదలండి, తర్వాత పొడి బట్టతో అద్దండి. ఇంకా మంచిది, ముక్కలు తెచ్చుకుని కడిగి బాగా తుడిచి ఇంట్లోనే మిక్సీలో ఆపి ఆపి తిప్పుకోవడం. మెత్తగా పేస్టు చేయొద్దు, కందిపప్పు పలుకంత ఉన్నా చాలు.

రొమ్ము ముక్క ఒక్కటే తీసుకోకండి. అందులో కొవ్వు దాదాపు ఉండదు, ఎంత జాగ్రత్తపడ్డా పొడారిపోతుంది. తొడ మాంసం అడగండి, సగం తోలుతో అడగండి. తోలు ఇష్టం లేకపోతే అరకిలోకి రెండు చెంచాలు వెన్న, గట్టిగా గడ్డకట్టినది, తురిమి కలపండి. ఉల్లిపాయ పచ్చిది వేస్తే ఉప్పు తగలగానే నీళ్లు వదులుతుంది, మీ అంచులు చీలడానికి అదో కారణం. నూనెలో మగ్గించి చల్లారాక వేయండి, లేదా తరిగాక గుడ్డలో మూటకట్టి పిండేయండి.

గుణుపూర్_పెరడు

బటర్ పేపర్ మా ఊళ్లో దొరకడం కష్టం, నేను అరిటాకు వాడతాను. గారెలు తట్టడానికి ఆకు వాడతాం కదా, అదే బుద్ధి పుట్టింది. లేత ఆకు వద్దు, చిరిగిపోతుంది. మరీ ముదురు వద్దు, ఈనె గట్టిగా ఉంటుంది. మధ్యస్తంగా ఉన్న ఆకుని స్టవ్ మంట మీద అటూ ఇటూ ఆడించండి, ఒక్క క్షణంలో రంగు మారి నిగనిగలాడుతూ మెత్తబడుతుంది, అప్పుడు ఎంత మడిచినా విరగదు. ప్రెస్ మూత దాని మీద పెట్టి కత్తెరతో చుట్టూ కోసేయండి. ఒక చుక్క నూనె రాయండి. ప్యాటీ ఎంత హాయిగా జారుతుందో చూడండి, ఆకు ఈనెల గీతలు దాని మీద అచ్చు పడి చూడ్డానికీ బాగుంటుంది. ఆ రోజుకి ఆ రోజు చేసుకునేదానికే ఆకు. ఫ్రీజర్‌లో దాచాలంటే కాగితమే మేలు.

ఇంకో మాట. 30 చేయాలంటే ఒక్క ప్రెస్‌తో చాలాసేపు పడుతుంది. సంక్రాంతికి చెక్కలు వత్తుకునే పూరీ ప్రెస్ ఇంట్లో ఉంటే అది కూడా బయటికి తీయండి, రెండు ఆకుల మధ్య పెట్టి మెల్లగా వత్తండి. దానికి మందం ఆపే గోడ ఉండదు, అందుకని పూర్తిగా దించకుండా సగంలో ఆపాలి. నేను, మా తోటికోడలు రెండింటి మీద కూర్చుని గంటలోపే 40 చేశాం ఒకసారి.

రాయగడ_వంటిల్లు

ఎంత ఓపిగ్గా రాశారండీ అందరూ, చాలా సంతోషం. కీమా సంచిలో గులాబీ నీళ్లు అన్నారే, ప్రతిసారీ ఉన్నాయి, నేను వాటితోనే కలిపేస్తున్నాను! కొన్ని అడగాలి. శనివారం రాత్రే చేసి పెట్టుకోవచ్చా? మాకు ఎండాకాలంలో కరెంటు చెప్పకుండా పోతుంది. లోపల ఉడికిందని చూడకుండానే ఎలా తెలుస్తుంది? వచ్చే పిల్లల్లో ఐదుగురు మాంసం తినరు, వాళ్లకి ఇదే ప్రెస్‌లో కూరగాయలది చేయొచ్చా?

బరంపురం_సాయంత్రం_బండి

జయపురం అన్న ఉప్పు గురించి చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, నా బండి మీద ఎక్కువ పోయింది మటన్ ప్యాటీ. అక్కా, రెండేసి ప్యాటీలు రెండు రకాలుగా చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

శనివారం రాత్రి చేసుకోవచ్చు. ప్యాటీకీ ప్యాటీకీ మధ్య ఒకటి కాదు, రెండు కాగితాలు పెట్టండి, ఒకటే పెడితే రెండు వైపులా అంటుకుని విడదీసేటప్పుడు చిరుగుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింద అరలో పెట్టండి, పచ్చి మాంసం చుక్క కింద ఉన్న పెరుగులోనో కూరలోనో పడకూడదు. కోడి కీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకి మించి ఉంచకూడదు. ఇంకా ముందే చేయాలంటే ఫ్రీజర్. పళ్లెంలో విడివిడిగా పరిచి రెండు గంటలు గడ్డకట్టించి, తర్వాత దొంతరగా పేర్చండి. కరెంటు పోయి మెత్తబడిన ప్యాటీని మళ్లీ గడ్డకట్టించొద్దు. చేతికి ఇంకా చల్లగా తగులుతుంటే వెంటనే వేయించేయండి, చల్లదనం పోయి చాలాసేపైతే పారేయండి. పుట్టినరోజుకి వచ్చేది పరాయి పిల్లలు, ఈ విషయంలో లోభం వద్దు.

ఉడకడం గురించి మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. మటన్ ముక్కకి క్రిములు ఎక్కువగా పైపైన ఉంటాయి, కీమా కొడితే అవి లోపలి దాకా కలిసిపోతాయి. అందుకే మటన్ ముక్క కొంచెం తక్కువ ఉడికినా ఏమో కానీ కీమా తక్కువ ఉడకకూడదు. కోడి కీమా అయితే నడిమధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి, మటన్ అయితే 71. రంగు చూసి నమ్మొద్దు, కొన్నిసార్లు ఉడక్కముందే తెల్లబడుతుంది. సూదిలా గుచ్చే థర్మామీటరు చిన్నది దొరుకుతుంది, పక్క నుంచి అడ్డంగా మధ్యలోకి గుచ్చండి, పై నుంచి గుచ్చితే కింద పెనం వేడి చూపిస్తుంది. 8 మిల్లీమీటర్ల ప్యాటీ మధ్య మంట మీద నాకు ఒక్కో వైపు నాలుగేసి నిమిషాలు పట్టేది, మీ పెనానికి ఎంత పడుతుందో మొదటిదానితో చూసుకోండి. పెనం మీద ఒకేసారి నాలుగు కంటే ఎక్కువ వేయకండి, పెనం చల్లబడి వేగడం మానేసి నీళ్లలో ఉడుకుతాయి.

ఇంకొకటి మర్చిపోయాను. పని మొదలుపెట్టే ముందు ప్రెస్‌ని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, మధ్యలో కూడా ఒకసారి పెట్టండి. మన ఎండకి అల్యూమినియం పళ్లెం గోరువెచ్చగా ఉంటుంది, దానికి కొవ్వు కరిగి అంటుకుంటుంది.

పర్లాకిమిడి_కూరగాయలు

ఆ ఐదుగురు పిల్లల సంగతి నాకు వదిలేయండి, మాది పూర్తి శాకాహారం ఇల్లు, ఇదే రకం ప్రెస్ వాడుతున్నాను. మొదట ఒక విన్నపం: వాళ్లవి ముందు చేసి, విడి డబ్బాలో పెట్టి, ఆ తర్వాతే కీమా ముట్టుకోండి. పెనం కూడా వేరేది వాడండి.

బంగాళాదుంపలు ముందురోజు ఉడికించి, తొక్కతోనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేడివేడిగా చిదిమితే బంకలా సాగుతుంది, రాత్రంతా చల్లబడిన దుంపని తురిమితే పొడిగా ఉండి చక్కగా పట్టుకుంటుంది. అరకిలో దుంపకి గుప్పెడు ఉడికించిన బఠాణీ, తురిమి పిండేసిన క్యారెట్, నాలుగు చెంచాల పుట్నాలపప్పు పొడి. ఈ పొడి తడిని పీల్చుకుంటుంది, రుచి కూడా బ్రెడ్ పొడి కన్నా బాగుంటుంది. తడి ఎక్కువగా ఉందనిపిస్తే ఇంకో చెంచా వేయండి. ప్రెస్‌లో 70 గ్రాములు వేసి కీమాకంటే తేలికగా నొక్కండి, అంచుకి పాకితే చాలు. ఇది వేగితే ముడుచుకోదు కాబట్టి బన్ను కంటే పెద్దగా అవసరం లేదు, మధ్యలో గుంట కూడా అక్కర్లేదు. నొక్కాక రెండు వైపులా చోడిపిండి, అంటే రాగిపిండి, అద్దండి, మీ వైపు మండియా అంటారు కదా, అదే. పెనం మీద వేశాక కింది వైపు గట్టి పొర కట్టేదాకా కదపకండి. తొందరపడి తిప్పితే కూరగాయల ప్యాటీ విరుగుతుంది, అది ఒక్కటే దానితో వచ్చే చిక్కు.

ప్రెస్ కడిగేటప్పుడు స్టీలు పీచు పెట్టొద్దు, పూత లేచిపోతుంది. పూత పోయిన చోట చింతపండు, నిమ్మచెక్క కూడా వద్దు, అల్యూమినియం పులుపుకి పాడవుతుంది. పిడి మరతో బిగించి ఉంటే విప్పి ఆ సందు కూడా కడగండి. నాది ఒకసారి వాసన వస్తే ఎక్కడి నుంచో తెలియక రెండు రోజులు వెతికాను, ఆ మర సందులో దుంప ఇరుక్కుని ఉంది. కీమా అయితే ఇంకా ప్రమాదం. వేడి నీళ్లు, సబ్బు, మెత్తటి పీచు, తర్వాత పొడి బట్టతో తుడిచి ఎండలో పెట్టండి.

రాయగడ_వంటిల్లు

పుట్టినరోజు అయిపోయింది, వచ్చి చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

గురువారమే నాలుగు ప్యాటీలు చేసి చూశాను, రెండింటికి ఉప్పు పైన చల్లి, రెండింటికి చివర కలిపి. పైన చల్లినవాటిలో ఒకటి తిరగేస్తుంటే మూడు ముక్కలైంది, రెండోది అంచు రాలింది. కలిపినవి రెండూ నిలిచాయి. కాబట్టి చికెన్‌కి నా ఓటు జయపురం అన్నయ్యకే. శనివారం తొడ మాంసం రెండు కిలోలు తెచ్చి, సగం తోలుతో, తుడిచి తుడిచి మిక్సీలో తిప్పాను. ఉల్లిపాయ మగ్గించి చల్లార్చి వేశాను. ఈసారి గుడ్డు కూడా వేయలేదు, అవసరం పడలేదు.

బటర్ పేపర్ తెచ్చాను కానీ 20 బిళ్లలు కోసేసరికే అయిపోయింది. అందుకని మిగిలినవాటికి పక్కింటి ఒడియా వాళ్ల పెరట్లో అరిటాకు అడిగి తెచ్చి, గుణుపూర్ అక్క చెప్పినట్టు మంట మీద ఆడించాను. ఆ ఆకు రంగు మారడం చూసి మా చిన్నది మళ్లీ మళ్లీ చేయమంది. నిజం చెప్పాలంటే కాగితం కంటే ఆకు మీదే బాగా జారాయి. ఆకువన్నీ ఆదివారం పొద్దున చేసి ఆ సాయంత్రమే వాడేశాను. మూత పావు వంతు తిప్పి ఎత్తడం, అంత చిన్న సంగతి ఎంత పని చేసిందో చెప్పలేను. ఒక్కటి కూడా మూతకి అంటలేదు.

థర్మామీటరు ఊళ్లో దొరకలేదు, విజయనగరం నుంచి వచ్చే మా మరిదితో తెప్పించాను. మొదటి ప్యాటీ నాలుగేసి నిమిషాలకి తీస్తే 68 చూపించింది, పైన చూస్తే పూర్తిగా ఉడికినట్టే ఉంది. అంటే ఇన్నాళ్లూ నేను అదే పెడుతున్నానన్నమాట, ఒళ్లు జలదరించింది. నా పెనం దళసరిది, ఒక్కో వైపు ఐదు నిమిషాలు పడుతోంది, అప్పుడు 75 వస్తోంది. ఆ లెక్కతోనే అన్నీ వేయించాను.

కూరగాయలవి ఐదుగురికని ఎనిమిది చేస్తే మాంసం తినే పిల్లలే మూడు లాగించేశారు, చోడిపిండి కరకరకి. సాయంత్రం ఆరింటికి కరెంటు పోయింది. అప్పటికి పెనం మీద చివరి నాలుగు ఉన్నాయి, మావారు టార్చి పట్టుకుంటే వేయించాను, పిల్లలు గుమ్మంలో చీకట్లో కూర్చుని బన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. బటర్ పేపర్ పెట్టినవాటిలో రెండింటికి కాగితం మడత పడి ప్యాటీలో గీత కోసినట్టు లోతుగా దిగింది, వేగేటప్పుడు అక్కడే చీలింది. కాగితం బిళ్ల పళ్లెం కంటే కొంచెం చిన్నదిగా కోయాలా, సరిగ్గా అంతే కోయాలా?

బరంపురం_సాయంత్రం_బండి

సరిగ్గా పళ్లెమంత కోయండి అక్కా, ఒక నూలుపోగంత తక్కువైనా పర్వాలేదు కానీ ఎక్కువ ఉండకూడదు. ఎక్కువైతే అంచు పైకి లేచి, మూత దిగేటప్పుడు లోపలికి మడత పడుతుంది. ఒక పాత పెళ్లి శుభలేఖ అట్టని పళ్లెం కొలతకి కోసి పెట్టుకోండి, దాన్ని పెట్టి పెన్సిల్‌తో గీసి ఎనిమిదేసి కాగితాలు ఒకేసారి కత్తిరించవచ్చు. పెద్దబ్బాయికి మా ఆశీస్సులు చెప్పండి.